బావ చిట్కాలూ, చరణం చివరి టక్కూ

పులివెందులలో మా అక్కవాళ్ళ గృహప్రవేశం రోజున, అంతా భోజనాలకు కూర్చున్న సమయంలో, మా బావ నా కంప్యూటరుకు ఎక్కిళ్ళు వచ్చాయన్నాడు.

నేను రికార్డు చేసిన ఒక పాటను గొప్ప కోసమే అక్కడికి తీసుకెళ్ళిన మాట నిజం. మా బావకు చీనీతోట, అంటే బత్తాయి తోట, ఉంది, దాంతోపాటు ఒక ఆర్కెస్ట్రా ఉంది. ముహూర్తాలున్న రోజుల్లో పెళ్ళిళ్ళకు కీబోర్డు వాయిస్తాడు. మనిషెత్తు స్పీకరు పెట్టెలు రెండు కొన్నాడు. వాటిలో నా రికార్డింగు మోగితే బంధువులందరి చెవినా పడుతుందని పెన్‌డ్రైవు జేబులో వేసుకుని పోయాను. పాట మొదలైంది. నా దగ్గర పాడిన చెక్కభజన గురువుగారి గొంతు హాలంతా నిండింది. మొదటి చరణం అయిపోయే చోట, ఆ గొంతు కింద, 'టక్' అని వినపడింది. ప్రొద్దుటూరులో నా చిన్న స్పీకర్లలో అది వినపడీ వినపడనట్టు ఉండేది. బావ పెట్టెల్లో గోడకు మేకు కొట్టినట్టుంది. రెండో చరణం చివరా అంతే.

"ఏం బామ్మర్దీ, నీ కంప్యూటరు ఎక్కిళ్ళు పెడతాండాది. రోంత నీళ్ళు తాపకపోయినావా," అన్నాడు బావ, చేతిలో సాంబారు బకెట్టుతో.

పంక్తి పంక్తంతా నవ్వింది. మా అక్క నవ్వింది. మా అక్క అత్తగారూ నవ్వింది. ఆమెకు రెండు చెవులూ సరిగా వినపడవు. ఆమె దేనికి నవ్విందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను అడగనూ లేదు, మరిచిపోనూ లేదు.

ప్రొద్దుటూరులో బట్టల కొట్ల వెనక సందులో, మేడ మీద, నాకొక రికార్డింగు గది ఉంది. కింద నాపబండల నేల కాబట్టి, మాట్లాడిన మాట తిరిగొచ్చి మన చెంపకే తగులుతుంది. అందుకని ఒక మూల తాళ్ళు కట్టి, పాత దూది బొంతలు వేలాడదీసి, పాడేవాళ్ళ కోసం చిన్న గుడారం లాంటిది చేశాను. లోపల మైకు, ఒక పీట. బయట నేను, నా కంప్యూటరు. పాడే మనిషి నాకు వినపడతాడు తప్ప కనపడడు. కొత్త దుకాణాల ప్రకటనలు, తిరునాళ్ళ పాటలు, ఎద్దుల బండలాగుడు పోటీలకు రమ్మని ఆటోలో తిరుగుతూ వేసే పిలుపులు, ఇవీ నా పనులు.

కంప్యూటరు పాతదే. దానిలో మాత్రం కొత్తగా ఎస్ఎస్‌డీ పెట్టించాను. పాత డిస్కులో పళ్ళెం తిరుగుతూ రోజంతా గురక పెట్టేది. ఈ కొత్తదాంట్లో తిరిగేదీ కదిలేదీ ఏమీ ఉండదు, ఫోనులో ఉన్నట్టు చిప్పులే. తబలా, సన్నాయి, ఘటం శబ్దాలున్న పెద్ద పెద్ద ఫైళ్ళు ఇదివరకు నేను కిందికి పోయి టీ తాగి వచ్చినా తెరుచుకునేవి కావు. ఇప్పుడు కళ్ళద్దాలు తుడుచుకునే లోపల వచ్చి కూర్చుంటున్నాయి. దాన్ని బిగించిన షాపతను నాలుగు మరలు ఉండాల్సిన చోట రెండే పెట్టాడు. అడిగితే, "రెండు చాలన్నా," అన్నాడు. రెండే చాలేట్టయితే తయారు చేసినవాళ్ళు నాలుగు రంధ్రాలు ఎందుకు పెడతారు? ఆ షాపు ముందు నుంచి పోయినప్పుడల్లా నేను ఆ ప్రశ్న వేస్తాను. అతను ఇప్పుడు నన్ను చూసి లోపలికి పోతున్నాడు.

అంత మంచి డిస్కును పట్టుకుని ఎక్కిళ్ళంటే నాకు ఎలా ఉంటుంది?

అయినా అసలు బాధ నాది కాదు. పాడిన గురువుగారిది. ఆయనది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. చెక్కభజన నేర్పుతాడు. చేతుల్లో బిళ్ళలు పొదిగిన చెక్కలు పట్టుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ ఆడే ఆట అది. పాట ఒకటే అయినా అడుగులు చాలా మారతాయి. కుడికి తిరగడం, ఎడమకు తిరగడం, కూర్చుని లేవడం, ఎదుటి మనిషి చెక్కకు చెక్క తగిలించడం. నేర్చుకోవడం పూర్తయ్యాక గజ్జెలకు పూజ చేసి, గురువు ఇచ్చిన గజ్జెలు కట్టుకుని, జట్టు మొదటిసారి ఊరి ముందు ఆడుతుంది. గురువు మధ్యలో నిలబడి పాడతాడు.

ఆ ఏడు గురువుగారి గొంతుకు చిన్న ఆపరేషను జరిగింది. గట్టిగా పాడొద్దు, ఎడతెగకుండా పాడొద్దు అని డాక్టరు చెప్పాడు. అప్పటికే ఒక ఆడవాళ్ళ జట్టు ఆయన దగ్గర నేర్చుకుంటోంది. పొద్దున పత్తి చేలకు పోయేవాళ్ళు, మిషను కుట్టేవాళ్ళు, ఇద్దరు ముగ్గురు కాలేజీ పిల్లలు. ఆరుబయట అంతసేపు పాడటం ఆయన వల్ల కాదు. మైకు ముందు నిమ్మళంగా, రోజుకో పాట పాడగలడు. ఐదు పాటలు రికార్డు చేసి, గజ్జెపూజ నాడు వాటినే వేయాలని నా దగ్గరికి వచ్చాడు.

"అబ్బీ, నా జట్లన్నీ నా గొంతుకే గజ్జె కట్టినాయి," అన్నాడు, పీట మీద కూర్చుంటూ. "ఇదీ అట్లనే కట్టల్ల. ఇంగొకరు పాడేదయితే నేను ఆ పొద్దు ఊర్లోనే ఉండను. నువ్వు బాగా తీయి. బాగలేకపోతే చెప్పు, కడపకు పోతా."

ఆ చివరి మాట అవసరం లేదు. కానీ అన్నాడు.

గృహప్రవేశం నుంచి వచ్చిన మర్నాడే బావ ఫోను చేశాడు.

"నీ ఎస్ఎస్‌డీకి చిట్కాలు చేసినావా, లేక ఊరికే వాడతాండావా?"

"ఏం చిట్కాలు బావా?"

"సామీ, పాటల పని చేసే కంప్యూటరుకు చిట్కాలు చేయకుండా వాడేది, కోడెకు కాడి అలవాటు చేయకుండా బండి కట్టినట్టు. శానా వీడియోలు ఉండాయి, సూడు. చరణం అయిపోతానే అంతవరకు పాడిందంతా కంప్యూటరు డిస్కులోకి తోస్తాది. అప్పుడు డిస్కు తడబడతాది. ఆ తడబాటే నీ టక్."

"చరణం అయిపోయిందని కంప్యూటరుకు ఎట్ల తెలుస్తాది?"

"తెలుస్తాదిలే. నువ్వు చెప్పింది చెయ్."

అప్పుడే ఫోను పెట్టేసి ఉండవలసింది. కానీ పంక్తిలో పడ్డ నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది. పైగా టక్కు నిజంగానే ప్రతి చరణం చివరా వస్తోంది. నాకు వేరే కారణం తోచలేదు.

మొదట, కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడు ఫైళ్ళన్నిటికీ విషయసూచిక రాసుకునే పని ఆపమన్నాడు. ఆపాను. ఆ తర్వాత నేను ఏ పాట వెతికినా దొరకడానికి ముందటి కన్నా ఎక్కువసేపు పట్టింది. రెండోది, తరచుగా వాడే ప్రోగ్రాములను కంప్యూటరు ముందుగానే తెచ్చి పెట్టుకునే అలవాటు మాన్పించమన్నాడు. మాన్పించాను. పాటలు తెరుచుకునే వేగం పెరగలేదు, తగ్గలేదు. నేను మొండివాణ్ణి. ఒక్కో చిట్కాకు ముందొకసారి, తర్వాతొకసారి అదే పాటను తెరిచి గోడ గడియారం చూశాను. కళ్ళద్దాలు తుడుచుకునేంత సేపే, ముందూ అంతే, తర్వాతా అంతే.

మూడోది, నిద్రపోయేటప్పుడు కంప్యూటరు దాచుకునే ఫైలు తీసేయమన్నాడు. దాంతో డిస్కులో కొంచెం చోటు దొరికింది. సరే, ఆ మేరకు మేలే. నాలుగోది, మెమరీ చాలనప్పుడు డిస్కును వాడుకునే ఏర్పాటు పూర్తిగా ఆపేయమన్నాడు. ఆపిన మర్నాడు సన్నాయి, తబలా, ఘటం మూడూ కలిపి తెరవబోతే ప్రోగ్రాము కళ్ళు తేలేసింది.

"బావా, చచ్చిపోతాంది ఇది."

"నువ్వు సరిగ్గా చేసి ఉండవు."

మా అక్క పెళ్ళయినప్పటి నుంచి ఈ మాట వింటున్నాను. పెళ్ళి పందిట్లో గుంజ వంగితే నేను సరిగా పాతలేదన్నాడు. ఆ గుంజను పాతింది ఆయన తమ్ముడు.

ఐదోది, పాత డిస్కు పక్కనుంటే కొత్తది కూడా దాని నడకే నడుస్తుందట, పీకేయమన్నాడు. పీకేశాను. ఇదివరకు పని పూర్తయిన ప్రతి పాటకూ అందులో ఒక నకలు పెట్టేవాణ్ణి. ఇక అన్నీ ఒక్క డిస్కులోనే.

ఈలోగా గురువుగారు జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చి ఒక్కో పాటా పాడుతున్నాడు. బొంతల గుడారంలోకి పోయే ముందు చెప్పులు విడిచి, మైకుకు దండం పెడతాడు. ఆయన వెంట జట్టులో ముందు నిలబడే మనిషి, మిషను కుట్టే ఆమె, ఫ్లాస్కులో వేడినీళ్ళు పట్టుకుని వస్తుంది. ప్రతి చిట్కా తర్వాతా నేను ఆశగా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకునేవాణ్ణి. ప్రతి చరణం చివరా టక్.

ఆరో చిట్కా వినండి. కంప్యూటరు డిస్కులో రాయాల్సినదాన్ని కాసేపు చేతిలో పట్టుకుని, తర్వాత దించుతుంది. మధ్యమధ్యలో 'నిజంగా రాశావా' అని డిస్కును అడుగుతుంది. ఆ అడగడం మాన్పిస్తే డిస్కు గాలిలో పోతుందట. ఆ సెట్టింగు పక్కనే కంప్యూటరు స్వయంగా ఒక హెచ్చరిక రాసి పెట్టింది, కరెంటు పోతే ఫైళ్ళు పాడవుతాయని. నేను దాన్ని బావకు చదివి వినిపించాను కూడా.

"నీకు యూపీఎస్ ఉండాది కదా?"

ఉంది. కానీ దాని బ్యాటరీ బలహీనపడిందని నేను షాపుకు మూడుసార్లు పోయి చెప్పాను. "బ్యాటరీ బంగారమన్నా" అని మూడుసార్లూ తిప్పి పంపించారు.

ఆ మధ్యాహ్నం గురువుగారు నాలుగో పాట పాడాడు. అంత బాగా ముందెప్పుడూ పాడలేదు. ఆపరేషను అయిన గొంతు అని ఎవరూ అనుకోరు. కీచుదనం పోయి, చివర్లలో ఒక రకమైన మెత్తదనం వచ్చింది. మిషను కుట్టే ఆమె ఫ్లాస్కు మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పాట అయింది. నేను సేవ్ నొక్కాను. ఫ్యాను ఆగింది, లైటు ఆరింది, బంగారం లాంటి బ్యాటరీ కీచుమని ఒక్క అరుపు అరిచి ఊరుకుంది.

కరెంటు వచ్చాక చూస్తే పాట పేరు ఉంది, పాట లేదు. ఎన్నిసార్లు నొక్కినా తెరుచుకోలేదు.

గురువుగారికి ఎలా చెప్పాలో తెలియక కంప్యూటరునే చూస్తూ కూర్చున్నాను. ఆయనే బొంత పక్కకు జరిపి బయటికి వచ్చాడు.

"పోయిందా?"

"పోయింది గురువా."

"పోనీలే అబ్బీ. నీ పెట్టెలో పోయింది గానీ నా కాడ పోలేదు కదా. ఇంగొక పొద్దు వస్తా."

కోప్పడి ఉంటే నాకు బాగుండేది, ఎదురు చెప్పడానికి ఏదో ఒకటి దొరికేది. ఆయన వేడినీళ్ళు తాగుతూ మెడ తడుముకుంటుంటే చూడలేకపోయాను. మెట్లు దిగేటప్పుడు మిషను కుట్టే ఆమె మాత్రం వెనక్కి తిరిగి, "అన్నా, ఆ గొంతు రోజూ ఇట్ల రాదు," అని మెల్లగా అనేసి పోయింది. అదీ గుర్తుంది.

నేను బావకు ఫోను చేశాను.

"నీ చిట్కాతో గురువుగారి పాట పోయింది."

"నా చిట్కాతో కాదు, కరెంటుతో పోయింది."

"కరెంటు పోతే పోతాదని దాంట్లోనే రాసి ఉండాది."

"రాసినోళ్ళు అట్లనే రాస్తారు. మందు సీసా మీద కూడా రాసి ఉంటాది, తాగేవాళ్ళు తాగడంల్యా?"

ఆ రోజు కూర్చుని ఆరు చిట్కాలనూ వెనక్కి తిప్పేశాను. ఏది ఎక్కడుండేదో దాన్ని అక్కడే పెట్టాను. కంప్యూటరు మళ్ళీ మనిషైంది. బ్యాటరీని షాపు బల్ల మీద పెట్టి, కొత్తది ఇచ్చేదాకా కదలనని అక్కడే కూర్చున్నాను. పొద్దు గుంకే వేళకు ఇచ్చారు. వారం తర్వాత గురువుగారు వచ్చి నాలుగో పాట మళ్ళీ పాడాడు, ఐదోది కూడా పాడాడు. ఆ పాత మెత్తదనం పూర్తిగా రాలేదు గానీ వచ్చింది బాగానే ఉంది. టక్కు కూడా వచ్చింది.

అప్పుడు నేను, డిస్కుతో పని లేదు, చేత్తోనే తీసేద్దామనుకున్నాను. పాట తరంగాన్ని తెర మీద పెద్దది చేసి, చరణం చివర చిన్న ముల్లులా లేచిన ప్రతి టక్కునూ పట్టుకుని గీకేశాను. చీర మీద పడ్డ నూలుపోగులు ఏరినట్టు ఏరాను. ఐదు పాటలూ కడిగిన ముత్యాల్లా వచ్చాయి. ఒక్క ముక్కను బావకు పంపాను, ఎందుకు పంపానా అని ఇప్పటికీ అనుకుంటాను.

"సూసినావా," అన్నాడు. "చిట్కాలు పనిచేసినాయి. నేను చెప్తానే ఉంటి."

ఔనని ఫోను పెట్టేశాను. కాదంటే పాటలు చేత్తో గీకిన సంగతి చెప్పాలి. దానికి ఇంకో చిట్కా చెప్తాడు.

ఒక్క మాటలో మాత్రం బావతో నాకు పేచీ లేదు. డిస్కును మెడదాకా నింపొద్దు, కొంచెం ఖాళీ ఉంచమన్నాడు. నా డిస్కు నిజంగానే మెడదాకా ఉంది. కాబట్టి శుభ్రం చేసిన పాటలు ఉంచుకుని, టక్కులున్న పాత రికార్డింగులన్నీ, పెన్‌డ్రైవులో ఉన్నదానితో సహా, తుడిపేశాను. వాటితో ఇక ఏం పని?

గజ్జెపూజ ఆదివారం. గురువారం సాయంత్రం పాటలు తీసుకుని గురువుగారి పల్లెకు పోయాను. పంచాయతీ ఆఫీసు ముందు బండలు పరిచిన జాగాలో జట్టు సాధన చేస్తోంది. గురువుగారు మంచం మీద కూర్చున్నాడు. పాట పెట్టాను. ఆయన గొంతు మొదలవగానే ఆడవాళ్ళ ముఖాలు వెలిగాయి. చెక్కలు మోగాయి, కాళ్ళు కదిలాయి. నేను చేతులు కట్టుకుని, మెచ్చుకోళ్ళ కోసం సిద్ధంగా నిలబడ్డాను.

మొదటి చరణం అయింది. సగం మంది కుడికి తిరిగారు, ఇద్దరు ఎడమకు తిరిగారు, మిగిలినవాళ్ళు తిరగనే లేదు. కాలేజీ పిల్ల చెక్క వెళ్ళి మిషను కుట్టే ఆమె మోచేతికి తగిలింది.

మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. మళ్ళీ అంతే. ఈసారి ఒకామె కూర్చుంది, మిగిలినవాళ్ళు ఆమె చుట్టూ నిలబడి చూశారు.

"ఏందే మీకు ఈ పొద్దు?" అన్నాడు గురువుగారు. "రాత్రి బాగా తిని పండుకున్నారా?"

మిషను కుట్టే ఆమె మోచెయ్యి రుద్దుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, దీంట్లో టక్ ఏదన్నా?"

"ఏ టక్?"

"గురువు కొట్టే టక్. అడుగు మార్చేదానికి."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. గురువుగారు ఆరుబయట జట్టు మధ్యలో నిలబడి పాడేటప్పుడు, చరణం చివర ఊపిరి పట్టే ముందు, నాలుకను అంగిటికి ఆనించి టక్కుమని కొడతాడు. ఎద్దును మలిపేటప్పుడు సేద్యగాడు చేసే చప్పుడు లాంటిదే. దూరం నుంచి చూసే జనానికి చెక్కల మోతలో అది వినపడదు. జట్టుకు వినపడుతుంది. ఆ చప్పుడుతో అడుగు మారుతుంది. ఏడాదిగా వాళ్ళు నేర్చుకున్నది పాటను కాదు, దాన్ని.

"నేనేడ కొడతా?" అన్నాడు గురువుగారు. "నేను నోటితో పాడతాండానా, టక్కులు కొడతాండానా?"

"కొడతావు గురువా."

"కొట్టను."

"సరే, రోంత పాడు."

ఆయన మంచం మీద కూర్చునే, గొంతు పెంచకుండా ఒక చరణం అందుకున్నాడు. అది అయిపోయే చోట టక్కుమంది. ఎదురుగా నిలబడిన ఆడవాళ్ళంతా ఒక్కసారిగా కుడికి తిరిగారు. తిరిగి, చెక్కలు జారిపోయేలా నవ్వారు. గురువుగారు వేలితో నోరు తడుముకుని చూసుకున్నాడు.

"ఎన్నేండ్ల నుంచి చేస్తాండా ఈ పని?" అని అడిగాడు.

"మా అమ్మ గజ్జె కట్టినప్పుడూ కొట్టినావంట," అంది కాలేజీ పిల్ల.

నాకు నవ్వు రాలేదు. రెండు నెలలు డిస్కును అనుమానించాను. ఆరు చిట్కాలు చేశాను, ఆరూ తీసేశాను. ఈ మనుషులు ప్రతిసారీ నా గదికి వచ్చి, నా బొంతల్లో కూర్చుని, నా టీ తాగి పోయారు.

"మీరొక్కరూ నాకు చెప్పలేదే?" అన్నాను.

"నువ్వొక్కసారైనా అడగల్యా కదన్నా," అంది మిషను కుట్టే ఆమె. "మేము నీ పాటలో అది బాగా ఇనపడతాందని సంతోషపడితిమి."

అది న్యాయమైన జవాబే. అందుకే ఇంకా కోపం వచ్చింది.

ప్రొద్దుటూరుకు వచ్చి తుడిపేసిన రికార్డింగుల కోసం వెతికాను. పాత డిస్కులో అయితే తుడిపినా అడుగున మిగిలేది, తెలిసినవాళ్ళు తవ్వి తీసిచ్చేవాళ్ళు. ఎస్ఎస్‌డీలో అలా కాదు. ఫలానా చోటుతో పని అయిపోయిందని కంప్యూటరు చెప్పగానే డిస్కు ఆ చోటును తనంతట తానే శుభ్రం చేసిపెట్టుకుంటుంది. ఆ ఏర్పాటుకు ఎవరి చిట్కా అవసరం లేదు, కొన్నప్పటి నుంచి బుద్ధిగా పనిచేస్తూనే ఉంటుంది. పేర్లు దొరికాయి, తెరిస్తే కడిగిన పలక. తొలిసారి నాకు ఆ డిస్కు మీద కోపం వచ్చింది, అది తన పని అంత బాగా చేసినందుకు.

ఐదు పాటలూ రెండు రోజుల్లో మళ్ళీ పాడిస్తే గురువుగారి గొంతు ఉండదు. పాడించకపోతే జట్టు తిరగదు. వేరే మనిషిని మధ్యలో నిలబెట్టి పాడిస్తే గురువుగారు ఊర్లో ఉండనన్నాడు. నేనే ఒక టక్కు చేసి ప్రతి చరణానికీ అతికిస్తానని ఫోనులో అంటే, మిషను కుట్టే ఆమె ఒప్పుకోలేదు.

"అది అన్నిచోట్లా ఒక తావున పడదన్నా. కూర్చునే అడుక్కు రోంత ముందు పడతాది. ఎదురు చెక్కకు ఆలస్యంగా పడతాది. రెండు కొట్టే తావులు కూడా ఉండాయి. గురువే కొట్టల్ల."

శుక్రవారం పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. నా ఆలోచన ఇది: ఆయన పాడనక్కర్లేదు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని తన పాట తాను వింటూ, టక్కులు మాత్రం కొట్టాలి. గొంతుకు శ్రమ లేదు.

ఆయన గుడారంలో కూర్చున్నాడు. పాట వేశాను. చరణం చివర ఏమీ రాలేదు. కొంచెంసేపటికి, తర్వాతి చరణం మధ్యలో, ఒక టక్కు పడింది.

"ఆలస్యమాయె గురువా."

"తెలుస్తానే ఉండాది. కొట్టల్ల కొట్టల్ల అనుకుంటాంటే తావు దాటిపోతాండాది. ఇది తుమ్ము మాదిరి అబ్బీ, రమ్మంటే రాదు."

మళ్ళీ చేశాం. ఈసారి ముందే పడింది. ఇంకోసారి మూడు పడ్డాయి, ఏది ఎందుకు పడిందో ఆయనకే తెలియలేదు. నోట్లో తడి ఆరిపోయిందని వేడినీళ్ళు తాగాడు. పెదవులు మాత్రం కదిలిస్తూ పాడినట్టు చేయమన్నాను. చేశాడు. టక్కు అసలే పోయింది. ఆయన ముఖంలో నేను ఇంతవరకు చూడని దిగులు కనపడింది. పాట పోయిన రోజు కూడా ఆయన అలా లేడు.

మిషను కుట్టే ఆమె గోడకు ఆనుకుని చూస్తోంది. ఉన్నట్టుండి చెప్పులు విడిచి, కొంగు దోపుకుంది.

"అన్నా, ఆ బొంత పైకెత్తు."

"బయటి చప్పుడు పడతాది."

"నేను చప్పుడు చేయను. ఎత్తు."

ఎత్తి తాడు మీద వేశాను. ఆమెకు కూడా ఒక ఇయర్‌ఫోను ఇచ్చాను. పాట వేశాను. ఆమె ఉత్త కాళ్ళతో, నాపబండ మీద పిల్లి నడిచినట్టు, అడుగులు వేయడం మొదలుపెట్టింది. చెక్కల్లేవు, గజ్జెల్లేవు. గురువుగారి చూపు ఆ కాళ్ళ మీదికి పోయింది. ముందుకు వంగాడు. చేతులు వాటంతట అవే తాళం పట్టాయి. చరణం చివరికి వచ్చింది, ఆమె కుడికాలు ఎత్తి ఆగింది, ఆయన నోట్లో టక్కుమంది, ఆ కాలు తిరిగి దిగింది. నేను తెర చూశాను. ముల్లు సరిగ్గా తన చోటులోనే లేచి ఉంది.

ఆ తర్వాత ఆపలేదు. మధ్యాహ్నానికి ఐదు పాటలూ అయ్యాయి. ఆఖరి పాటకు ఆయనకు ఎంత హుషారు వచ్చిందంటే టక్కు పాటకన్నా గట్టిగా పడింది, నేను తగ్గించాల్సి వచ్చింది. ఆమె చెమటలు కక్కుతూ ఫ్లాస్కులో మిగిలిన నీళ్ళు తనే తాగేసింది. గురువుగారు మైకుకు దండం పెట్టి, నా వైపు తిరిగి, "కడపకు పోయింటే ఇంత అగచాటు పడే పనుండునా," అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో నేను ఇంకా తేల్చుకోలేదు.

ఆ ఐదు పాటలనూ డిస్కులో ఉంచాను, పాత డిస్కులో ఉంచాను, రెండు పెన్‌డ్రైవుల్లో ఉంచాను. ఎస్ఎస్‌డీకి చిట్కాలు చేయాలా అని ఇప్పుడు ఎవరైనా నన్ను అడిగితే నా జవాబు సిద్ధంగా ఉంటుంది. దాన్ని దాని మానాన వదిలేయండి. మెడదాకా నింపకండి. నకలు ఇంకోచోట పెట్టుకోండి. యూపీఎస్ బ్యాటరీ బంగారమన్న మనిషిని నమ్మకండి. పాటలో చప్పుడు వినపడితే సెట్టింగులు తెరిచే ముందు, పాడిన మనిషి ముఖం చూస్తూ ఒకసారి పాడించుకోండి.

ఆదివారం పల్లెలో స్పీకరు పెట్టెలు బావవే. ఆయన్ను పిలిచింది నేను కాదు, మా అక్క. గజ్జెలకు పూజ అయింది. గురువుగారు ఒక్కొక్కరి చేతికీ గజ్జెలిచ్చాడు, వాళ్ళు కళ్ళకద్దుకుని కట్టుకున్నారు. తర్వాత ఆయన జట్టు మధ్యలో నిలబడకుండా, పక్కన వేసిన కుర్చీలో కూర్చున్నాడు. పాట వేశాను. మొదటి చరణం చివర టక్కు, ఆ పెట్టెల్లోంచి ఊరంతా వినపడింది.

బావ నా భుజం తట్టాడు.

"మల్ల మొదలాయె బామ్మర్దీ. నేను చెప్పిండేవి అన్నీ తీసేసినావా?"

"తీసేసినా."

"అందుకే."

"బావా, పెట్టె దిక్కు కాదు, వాళ్ళ కాళ్ళ దిక్కు సూడు."

చూశాడు. రెండో టక్కు పడింది. జట్టంతా గిర్రున ఎడమకు తిరిగింది. మూడోదానికి కూర్చుని లేచింది. బావ పెట్టెనూ వాళ్ళ కాళ్ళనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత తల ఊపాడు.

"అయితే డిస్కు తప్పేం ల్యా అన్నమాట. కొన్నాళ్ళు చిట్కాలు చేసి పెట్టినాం కాబట్టి ఇంత స్పష్టంగా వస్తాండాది."

ఈసారికి వదిలేశాను. గురువుగారి ముఖం చూడాల్సి ఉంది నాకు. ఆయన తన గొంతును తాను కూర్చుని వినడం అదే మొదటిసారి. ముందు బిగుసుకుని ఉన్నాడు. రెండో పాటకు పాదం కదిలింది. నాలుగో పాటకు కుర్చీ అంచుకు వచ్చాడు. ఐదో పాట మధ్యలో మిషను కుట్టే ఆమె వరుసలోంచి వచ్చి ఆయన చెయ్యి పట్టి లేపింది. "పాడనులే, ఊరికే నిలబడతా," అంటూ మధ్యలోకి పోయాడు. జట్టు ఆయన చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

ఐదో పాట అయిపోయింది. నేను చూస్తూనే ఉన్నాను, తెర మీద గీత చివరికి వచ్చి ఆగింది, పెట్టెలు మూగబోయాయి. వాళ్ళు ఆగలేదు. పల్లవిని ఆడవాళ్ళే అందుకున్నారు, గురువుగారు పాడకుండా నవ్వుతూ మధ్యలో నిలబడి టక్కులు కొడుతున్నాడు, చుట్టూ నిలబడ్డ జనం చప్పట్లు కలిపారు. రెండు నెలలు నేను ప్రాణం పెట్టిన రికార్డింగు ఆగిపోయిందన్న సంగతి ఆ ఊర్లో ఒక్కరంటే ఒక్కరు గమనించలేదు. నేను దాన్ని మళ్ళీ వేయనూ లేదు, ఎవరికీ చెప్పనూ లేదు. గజ్జెలు నా పక్కగా పోయినప్పుడల్లా కుర్చీ వెనక్కి జరుపుకుంటూ, వాళ్ళకు దారి ఇస్తూ కూర్చున్నాను.